మసకలో మా బావ

మా అక్క ఇంట్లో హాలు గోడ నిండా ఫోటోలే. బావ ఫోటోగ్రాఫరు కాబట్టి అందులో వింతేమీ లేదు. వింతంతా బావ కూడా నిలబడ్డ ఫోటోల్లోనే ఉంది. బావ లేనివాటిల్లో అక్క కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. బావ ఉన్నవాటిల్లో అక్క ఎవరో, బావ ఎవరో బట్టల రంగునిబట్టి పోల్చుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్ళు వాటి ముందు ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటారు. అప్పుడు అక్క వంటింట్లోంచే చెబుతుంది.

"మీ కళ్ళకేం కాలేదండీ. అవి మా తమ్ముడు తీసినవి."

ఆ తమ్ముణ్ణి నేను. పళ్ళ డాక్టర్ని.

బావ ఫోటోలో ఉండాలంటే కెమెరా ఇంకొకరి చేతికి ఇవ్వాలి. ఆ ఇంకొకరు ఎప్పుడూ నేనే అయ్యేవాణ్ణి. "నోట్లో డ్రిల్లు పట్టే చెయ్యి, మా బామ్మర్దిది రాయిలాంటి చెయ్యి" అని అందరి ముందూ పొగిడి, కెమెరా పట్టీ నా మెడలో వేసి, తను వెళ్ళి వరసలో నిలబడేవాడు. నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. నేను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, కన్ను కెమెరాకి ఆనించి, నొక్కేవాణ్ణి. లోపల నాకంతా అలికినట్టే కనిపించేది. కళ్ళజోడు లేని మనిషికి ఇంకెలా కనిపిస్తుంది అనుకునేవాణ్ణి.

మొదటిసారి అందరూ నవ్వారు. రెండోసారి ఊపిరి బిగబట్టమని సలహా ఇచ్చారు. ఆ తర్వాత పిన్ని నాకొక పేరు పెట్టింది, వణుకు డాక్టరని. అది ఇంటింటికీ తిరిగింది. దాంతోపాటు మా బంధువుల పంటినొప్పులన్నీ నా క్లినిక్ దాటి ముందుకెళ్ళిపోవడం మొదలుపెట్టాయి. మా అమ్మ మేడ మీద ఉంటుంది, కింద నా క్లినిక్. అమ్మకి పన్ను నొప్పి వస్తే మెట్లు దిగి, నా బోర్డు కిందనుంచే నడిచి, బస్సెక్కి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తుంది. అతను నా క్లాస్‌మేటే. ఎప్పుడైనా కలిస్తే "అమ్మగారు మీ గురించి చాలా బాగా చెబుతారు" అంటాడు. ఏం చెబుతుందో నేను అడగలేదు.

పేషెంట్లెవరూ నా చెయ్యి వణికిందనలేదు. అయినా అనుమానం అనుమానమే. క్లినిక్ మూసేశాక నిండు గ్లాసు అరచేతిలో పెట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడేవాణ్ణి. చుక్క తొణికేది కాదు. సూదిలో దారం మొదటిసారికే ఎక్కేది. నీళ్ళ దగ్గరా సూది దగ్గరా వణకని చెయ్యి బావ ఎదుట మాత్రమే వణుకుతోందంటే, తప్పు చేతిలో లేదు. మనసులో ఉంది.

మనసు గురించి పుస్తకాలు చదివే అలవాటు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. పెళ్ళి చేసుకోలేదు, స్నేహితులు తక్కువ. సాయంత్రాలన్నీ నావే. ఇలాంటి అలవాటు ఉన్నవాడికి ఏదీ ఊరికే జరగదు. గొడుగు ఎవరింట్లోనైనా మరిచిపోతే, ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాలని ఉందన్నమాట. కాబట్టి ఈ మసకకి కూడా లోపల ఒక వేరు ఉండి తీరాలి. కొన్ని సాయంత్రాలు తవ్వితే దొరికింది. చిన్నప్పుడు నా బూట్ల లేసులు కట్టింది అక్క. నా తల దువ్వింది అక్క. ఒకరోజు ఎవరో కెమెరా మెడలో వేసుకుని వచ్చి అక్కని తీసుకెళ్ళిపోయాడు. ఆ తర్వాత లేసులు నేనే కట్టుకోవాల్సి వచ్చింది. అతన్ని నేను ఎదురుగా ఏమీ అనలేను. అందుకని ఆ కెమెరాతోనే, నొక్కిన ప్రతిసారీ, కొంచెం కొంచెంగా చెరిపేస్తున్నాను.

ఇది కనిపెట్టినందుకు బాధపడ్డానని చెప్పలేను. నాలో అంత లోతు ఉందని తెలియడం ఒకరకంగా నాకు గౌరవంగానే తోచింది.

సిద్ధాంతాన్ని పరీక్షించాలి కదా. ఒక ఆదివారం బావ స్నానం చేస్తుండగా కెమెరా తీసి అక్కని ఒక్కదాన్నీ నిలబెట్టి తీశాను. మసక. అంటే నన్ను వదిలి వెళ్ళినందుకు అక్క మీద కూడా కోపమే. వాళ్ళ కుక్కని తీశాను. మసక. ఆ కుక్కకి అక్క స్వయంగా తల దువ్వుతుంది, కాబట్టి అదీ అర్థమైంది. చివరికి గోడ గడియారాన్ని తీశాను. అదీ మసకే. గోడ గడియారంతో నాకు పాత కక్షలేమీ లేవు. ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచిస్తే, నాన్న ఆఫీసునుంచి ఆలస్యంగా వచ్చే రోజుల్లో మా ఇంటి గడియారానికేసి చూస్తూ కూర్చోవడం గుర్తొచ్చింది. సరిపోయింది.

ఇంకొక సంగతి కూడా గమనించాను. నా ఫోటోల్లో మనుషులు మసకగా ఉన్నా, ఏదో ఒక వస్తువు మాత్రం చక్కగా వచ్చేది. ఒకదాంట్లో వెనకనున్న కర్టెన్ అంచు, ఇంకోదాంట్లో ముందున్న పూలకుండీ. నా మనసుకి కుండీలంటే ఇష్టమని రాసుకోవాల్సి వచ్చింది. కుండీలు మనల్ని వదిలిపెట్టి వెళ్ళవు.

ఇలా నా జబ్బుని నేను గౌరవంగా మోసుకుంటూ ఉండగా అమ్మకి దవడ వాచింది.

తలచుట్టూ స్కార్ఫ్ కట్టుకుని, ఒక బుగ్గ రెండు బుగ్గలంతై, కిటికీ పక్కన కూర్చుంది. అక్క కూడా వచ్చి ఉంది.

"ఏ పన్నమ్మా?" అన్నాను.

"ఏ పన్నూ కాదు. చల్లగాలి తగిలింది."

"చల్లగాలికి ఇంత వాపు రాదు. నోరు తెరువు."

"అతను వచ్చాక అతని దగ్గర తెరుస్తాను."

"అతను కుటుంబంతో ఎక్కడికో తిరగడానికెళ్ళాడు. క్లినిక్‌కి తాళం."

"వస్తాడుగా."

"అతను వచ్చేలోపు చీము దవడ ఎముకలోకి దిగుతుంది."

అమ్మ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. అక్కకి జాలేసింది. ఎవరి మీదో చెప్పలేను.

"అమ్మా, వీడు నీ కన్నకొడుకు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ నోళ్ళలో చేతులు పెడుతున్నాడు, ఎవరూ చావలేదు."

"కన్నాను కాబట్టే చెబుతున్నాను. వీడి చెయ్యి నాకు తెలీదా? నీ గోడ మీద చూడు."

"అవి ఫోటోలమ్మా."

"ఫోటోకే ఆగని చెయ్యి డ్రిల్లుకి ఆగుతుందా?" అమ్మ నా వైపు తిరిగింది. వాపు లేని వైపునుంచి చూస్తే ఆమె కళ్ళలో నిజమైన భయం ఉంది. "సరే, ఒక పని చెయ్యి. అల్లుడుగారి కెమెరాతో నన్నొక ఫోటో తియ్యి. ఒక్కటి. సరిగ్గా వస్తే నోరు తెరుస్తాను."

"నా ఫోన్‌తో ఇప్పుడే తీస్తాను."

"ఫోన్ దానంతటది తీసుకుంటుంది. అందులో నీ చెయ్యేముంది?"

 వాపుకీ నొప్పికీ మాత్రలిచ్చాను. అవి వేసుకుంది. మాత్రలకి చెయ్యి అక్కర్లేదట.

మెట్లు దిగుతుంటే ఒక విషయం స్పష్టమైంది. ఆ ఫోటో మసకగా వస్తే అమ్మ సంగతలా ఉంచి, ఆ తర్వాత నా చేతిని నేనే నమ్మను. క్లినిక్‌లో కుర్చీని ఎవరికైనా అప్పగించి, ఏదైనా కాలేజీలో బోర్డు మీద పళ్ళ బొమ్మలు గీసుకుంటూ బతకాలి.

బావ ఆ ఉదయం స్కూలు మైదానంలో పరుగు పందేలు తీస్తున్నాడు. అక్కడికి వెళ్ళాను. కెమెరా కావాలని వెంటనే అడగలేకపోయాను. పక్కన బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. అప్పుడే గమనించాను. బావ కుడిచేతి బొటనవేలు ఊరుకోవడం లేదు.

పిల్లలు పరిగెత్తుతుంటే ఆ వేలు కెమెరా వీపుని గట్టిగా నొక్కి పట్టుకునేది. పందెం మధ్యలో జెండా పట్టుకున్న అంపైర్ అడ్డం నడిచి వెళ్తే ఠక్కున లేచేది, ఆయన దాటగానే మళ్ళీ దిగేది. ఆఖరి గీత దగ్గర పిల్లలింకా దూరంలో ఉండగానే, బావ నేల మీది ముగ్గు గీతకేసి చూసి వేలు ఒకసారి నొక్కి తీసేశాడు. తర్వాత ఆ వేలిని గాలిలో అలాగే పట్టుకుని కాచుకున్నాడు. విరామంలో కోచ్ నీడలో కూర్చుంటే ఆయన మొహం వైపు ఒక్కసారి నొక్కి వదిలేసి, కెమెరాని తాపీగా అటూ ఇటూ జరుపుకుంటూ తీశాడు. గోడ మీద పిట్ట వాలింది. బొటనవేలు మళ్ళీ అతుక్కుపోయింది.

నా మనసు కరిగిపోయింది. పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివిన లక్షణమే అది. చిన్నతనంలో వేలు చప్పరించే అలవాటుని ఎవరో బలవంతంగా మాన్పించి ఉంటారు. ఆ వేలు ఇప్పటికీ ఏదో ఒకదాన్ని నొక్కి పట్టుకోందే ధైర్యంగా ఉండలేకపోతోంది. పిల్లల్ని చూసినప్పుడు ఎక్కువ, పెద్ద మనిషి అడ్డొస్తే భయపడి వదిలేస్తోంది. ఆ అంపైర్ తండ్రి స్థానంలో ఉన్నాడు. ఇంత బాధ మోస్తున్న మనిషినా నేను ఇన్నేళ్ళూ చెరిపేస్తున్నది? ఏమీ ఎరగనట్టే ఉండాలని నిర్ణయించుకున్నాను.

బావ వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏమోయ్ డాక్టరూ, పందేలకొచ్చావేంటి? పేషెంట్లెవరైనా కుర్చీలోంచి పారిపోయారా?"

అమ్మ షరతు చెప్పాను. బావ నవ్వబోయి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, నా మొహం చూసి ఆపేశాడు.

"దానికేముంది, ఇదిగో. ముందు ఇక్కడ ఒకటి ప్రాక్టీసు చెయ్యి. ఆ కోచ్‌ని తియ్యి."

కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నొక్కాను. బావ స్క్రీన్ చూశాడు. కోచ్ మసకగా ఉన్నాడు. ఆయన వెనక గోడ మీద పిట్ట కూర్చున్న ఇటుక మాత్రం కడిగినట్టుంది.

"ఇంకోసారి."

మళ్ళీ అదే ఇటుక. ఈసారి బావ స్క్రీన్ వదిలేసి నా చేతికేసి చూస్తున్నాడు.

"నీ బొటనవేలు ఏం చేస్తోంది?"

"ఏమీ చెయ్యట్లేదు. నాకు అలాంటి అలవాటు లేదు," అన్నాను, వీలైనంత మృదువుగా.

"అలవాటేంట్రా? వెనక బటన్ నొక్కవా?"

"ఏ బటను?"

 కోచ్ విజిల్ వేశాడు, పిల్లలు వరసలో నిలబడ్డారు, బావ లేవలేదు.

"నీకు చెప్పలేదా నేను?"

"ఏం చెప్పలేదా?"

"ఒరే నాయనా," అన్నాడు బావ నెమ్మదిగా. "దీంట్లో పై బటన్‌కి ఫోటో తియ్యడం ఒక్కటే పని. ఫోకస్ పని దాన్నుంచి ఎప్పుడో తీసేశాను. ఫోకస్ అంతా వెనక ఈ బటన్‌ది. దీన్ని నొక్కి పట్టుకుంటే పరిగెత్తేవాడి వెంట ఫోకస్ కూడా పరిగెడుతుంది. వదిలేస్తే ఉన్నచోటే ఆగిపోతుంది. అంపైర్ అడ్డొస్తే వదిలెయ్యాలి, లేకపోతే పిల్లల్ని వదిలేసి వెళ్ళి ఆయన పొట్టని పట్టుకుంటుంది. కదలని మనిషైతే ఒక్కసారి నొక్కి వదిలేస్తే చాలు, ఆ తర్వాత ఎలా కావాలంటే అలా తీసుకోవచ్చు."

"మరి నేను ఇన్నాళ్ళూ తీసింది?"

"నేను ఆఖరిసారి ఎంత దూరంలో వదిలేస్తే, ఆ దూరాన్ని తీశావు. మనుషుల్ని కాదు."

"పూలకుండీ?"

"ఏ కుండీ? ఏమో, నీకిచ్చే ముందు నేను కుండీ తీసుంటాను."

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. మైదానం మళ్ళీ స్పష్టంగా కనిపించింది. లేసులు, దువ్వెన, నాన్న, గోడ గడియారం అన్నీ వరసగా నాలోంచి లేచి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది. సంతోషించాల్సిన మాటే. కానీ నాలో ఉందనుకున్న లోతంతా ఒక బటన్ లోతని తేలితే మనిషికి కొంచెం దిగులేస్తుంది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం బావా?"

"ఊపిరి పీల్చుకోమని ఎవరికైనా చెబుతామా? నాకది అలా అయిపోయింది."

"అది సరే. చెయ్యి వణికితే వచ్చే మసక వేరు, ఫోకస్ తప్పితే వచ్చేది వేరు కదా. నాకే ఇప్పుడు తెలుస్తోంది. నీకు చూడగానే తెలియలేదా?"

బావ కెమెరా పట్టీని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"వాటిని నేనెప్పుడూ సరిగ్గా చూడలేదురా. నేనున్న ఫోటో చూడ్డం నాకు ఇష్టముండదు. నువ్వు తీసినవి అలా వచ్చేసరికి, హమ్మయ్య అనుకుని ఫ్రేము కట్టించేవాణ్ణి." అరచెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. "మసకలో నా పళ్ళు బాగుంటాయి."

పళ్ళ డాక్టర్ని అయి ఉండి, ఆ అరచెయ్యి వెనక ఏముందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. బొటనవేలు వెనక ఏముందో మాత్రం వాళ్ళ నాన్నగారి దాకా వెళ్ళి ఆలోచించాను.

"చెయ్యి తియ్యి," అన్నాను.

"ఇక్కడా?"

"తియ్యి బావా."

తీశాడు. ముందుపళ్ళు రెండు ఒకదాని మీద ఒకటి కాళ్ళు వేసుకుని కూర్చున్నట్టున్నాయి. అంతే.

"ఇదా?"

"నీకేం, నువ్వు రోజూ చూసేవే."

పందేలు ముగిశాక ఇద్దరం ఇంటికి వచ్చాం. సెట్టింగు మార్చి ఇస్తాననీ, అప్పుడు పై బటన్ ఒక్కటి నొక్కితే చాలనీ దారి పొడుగునా బావ చెబుతూనే ఉన్నాడు. వద్దన్నాను. అలా తీస్తే అదీ దానంతటది తీసుకున్నట్టే అవుతుంది.

అమ్మ తల దువ్వుకుని, స్కార్ఫ్ విప్పి, కిటికీ దగ్గర సిద్ధంగా కూర్చుంది. అక్క పక్కన నిలబడింది. నేను కళ్ళజోడు తియ్యకుండానే కెమెరా ఎత్తాను. బొటనవేలు మరిచిపోకూడదు, మరిచిపోకూడదు అనుకుంటూ చూపుడువేలితో నొక్కేశాను. మరిచిపోకూడదనుకోవడంలోనే అంతసేపూ పోయింది.

అక్క స్క్రీన్ చూసి నిట్టూర్చింది.

"ఏంటి?" అంది అమ్మ. "చెప్పవే. మసకేనా?"

నేను నోరు తెరిచేలోపు బావ ముందుకొచ్చాడు. "అది లెక్కలోకి రాదండీ అత్తయ్యగారూ. కెమెరా అందిస్తుంటే నా వేలు తగిలి సెట్టింగు మారిపోయింది."

"మీ వేలా?"

"నా వేలేనండీ."

అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సరే. అల్లుడుగారు చెప్పారు కాబట్టి నమ్ముతున్నాను. కానీ ఇదే ఆఖరు."

ఈసారి బొటనవేలితో మొదలుపెట్టాను. నొక్కగానే, అలికినట్టున్న దాంట్లోంచి ముందు ముక్కు, తర్వాత కళ్ళు, చివరికి వాచిన బుగ్గ నా వైపు వచ్చాయి. ఆ కెమెరాలోంచి ఒక మనిషి నాకు పూర్తిగా కనిపించడం అదే మొదలు. అమ్మ భయపడుతూనే బింకంగా కూర్చుని ఉంది. ఆ భయం కూడా ఫోకస్‌లో ఉంది. వేలు వదిలేశాను. అది అక్కడే ఆగింది. అప్పుడు తీశాను.

అక్క చూసింది. కెమెరాని అమ్మ కళ్ళ ముందు పెట్టింది.

"ఇది నేనా?"

"నువ్వే."

"ఈ గీతలన్నీ ఎక్కడివి?"

"నీవేనమ్మా."

"ఇంత బాగా ఎవడు తియ్యమన్నాడు? పాతవే నయం. వాటిల్లో అందరం ఒకే వయసువాళ్ళలా ఉన్నాం." అమ్మ కెమెరా అక్కకి ఇచ్చేసి, కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. "పదరా. మాట మాటే."

కింద క్లినిక్ కుర్చీలో పడుకున్నాక అమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. బావని గుమ్మం దగ్గరే నిలబడమంది. నేను మత్తు ఇంజెక్షన్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు నా చెయ్యి వణికింది. నిజంగానే. ఇంతకాలం ఎన్ని పరీక్షలు పెట్టినా ఒక్కసారీ వణకని చెయ్యి, నిర్దోషి అని తేలిన రోజునే, అమ్మ నోటికి జానెడు దూరంలో సన్నగా వణికింది. దీనికి కారణం పుస్తకాల్లో ఉంటుంది. వెతకదలుచుకోలేదు. ఎందుకంటే నా ఎడమచేతి బొటనవేలు అప్పటికే తన పనిలో ఉంది. రోజూ చేసినట్టే అమ్మ పెదవిని పక్కకి తీసి, దవడని ఆనించి పట్టుకుని, చూడాల్సిన పన్నుని చూపించింది. చూడాల్సింది కనిపించాక కుడిచెయ్యి వణకడం మరిచిపోయింది.

పన్ను తెరవగానే చీము వచ్చేసింది. నొప్పి దిగుతున్నప్పుడు మనుషుల కనుబొమలు విడిపోతాయి. అమ్మవి విడిపోయాయి. మాట్లాడటానికి వీల్లేని నోటితో నన్నే చూస్తూ ఉండిపోయింది. గుమ్మంలో బావ చేతిలో కెమెరా చప్పుడైంది.

పనయ్యాక అమ్మని లేపి కూర్చోబెట్టి, ఖాళీ అవుతున్న కుర్చీనీ, గుమ్మంలో ఉన్న బావనీ చూశాను.

"నాకింకో చోట షూటింగ్ ఉంది," అన్నాడు బావ అరచేతి వెనకనుంచి.

"రేపు?"

"రేపా? చూద్దాం." కెమెరాని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఎల్లుండి రానా?"

బావ తీసిన ఆ ఫోటో ఇప్పుడు అక్క గోడ మీద, పాతవాటి మధ్యలో ఉంది. అందులో అమ్మ మొహం మసక. నా మొహం మసక. దీపం, అద్దం, దూది అన్నీ మసకే. ఒక్క నా వేళ్ళు మాత్రం, గోళ్ళ అంచులతో సహా, ఫ్రేములోంచి తీసుకోవచ్చన్నంత స్పష్టంగా ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు దాని ముందు కూడా ఆగి కళ్ళజోడు తుడుచుకుంటారు. అది ఎవరు తీశారో, ఎందుకలా తీశారో అక్క చెప్పడం మొదలుపెడుతుంది. వాపు పూర్తిగా తగ్గిన మా అమ్మ పక్కనుంటే, పూర్తి కానివ్వదు.

"మా అల్లుడుగారు బుద్ధిమంతులండీ. నా మొహం కనపడకుండా తీశారు."